కర్క్యుమిన్ అని కొట్టి చూడండి

ఈ నెలలో మీలో చాలామంది నాకు ఒకే స్క్రీన్‌షాట్ పంపారు. పైన ఇంగ్లిషులో కర్క్యుమిన్ అనే పేరు, పక్కన దాని రసాయన బొమ్మ, కింద పొడుగాటి పట్టిక. దాని మీద ఎవరో ఎర్రటి అక్షరాలతో ‘అమెరికా ప్రభుత్వమే ఒప్పుకుంది, పసుపు వంద రోగాలకు మందు’ అని రాసిపెట్టారు. ‘ఇది నిజమా, ఫేకా?’ అని మీ ప్రశ్న.

స్క్రీన్‌షాట్ నిజం. ఎర్ర అక్షరాలు అబద్ధం. నిజమైన పేజీ మీద అబద్ధం ఎలా నిలబడిందో తెలియాలంటే ఆ పేజీ ఏంటో, దాన్ని ఎవరు, ఎందుకు పెట్టారో ముందు చూడాలి. ఫోన్ చేతిలోనే ఉంది కదా, చదువుతూనే వేరే ట్యాబ్‌లో తెరవండి. దాని పేరు పబ్‌కెమ్. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అవక్కర్లేదు, ఫోన్ నంబరు ఇవ్వక్కర్లేదు. ఈ రోజుల్లో ఈ మూడూ లేని సైటు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

ముందు కర్క్యుమిన్ వద్దు, ఇంట్లో ఉన్నదాన్ని వెతుకుదాం. పారాసెటమాల్ అని ఇంగ్లిషులో కొట్టండి. అమెరికా వాళ్లు దాన్ని అసిటమినోఫెన్ అంటారు కాబట్టి పేజీ ఆ పేరుతో తెరుచుకుంటుంది, కంగారుపడకండి. దాని నంబరు 1983. అది సంవత్సరం కాదు, పబ్‌కెమ్‌లో ఆ రసాయనానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య, మన ఆధార్ లాంటిది. ఆస్పిరిన్‌ది 2244. కాఫీలో ఉండే కెఫీన్‌ది 2519. ఇలా 11 కోట్లకు పైగా రసాయనాలకు అక్కడ నంబర్లున్నాయి. ఒక్కో నంబరు వెనక దాని ఆకారం, బరువు, ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుంది, నీళ్లలో కలుస్తుందా లేదా, ఏ పేటెంట్లలో ప్రస్తావించారు, ఏ ల్యాబ్ దాన్ని దేని మీద పరీక్షించింది, ఏమైంది... ఇలా ఎంత తెలిస్తే అంత.

నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివినప్పుడు ఇందులో సగం సమాచారం కావాలన్నా లైబ్రరీలో ఒక లావుపాటి పుస్తకం ఉండేది. అది బీరువాలో ఉండేది. బీరువా తాళం లైబ్రేరియన్ గారి దగ్గర ఉండేది. ఆయన సెలవులో ఉండేవారు. అందుకే ఈ సైటు చూసినప్పుడల్లా నాకు కాస్త ఎక్కువ సంతోషం కలుగుతుంది, క్షమించాలి.

ఇన్ని కోట్ల రసాయనాలను కంప్యూటరు ఎలా గుర్తుపడుతుందని అడుగుతారేమో. పేర్లతో అయితే కుదరదు, ఒక్క పారాసెటమాల్‌కే రకరకాల పేర్లున్నాయి. బొమ్మ గీస్తే మనకు అర్థమవుతుంది గానీ యంత్రానికి అక్షరాలు కావాలి. అందుకని బొమ్మనే అక్షరాల్లో రాసే పద్ధతులు తయారుచేశారు. వాటిలో ఒకటి స్మైల్స్, నవ్వులు అన్నమాట. చాలా తేలిక. కార్బన్‌ని సీ అంటాం, ఆక్సిజన్‌ని ఓ అంటాం. వరసగా సీ సీ ఓ అని రాస్తే ఇథనాల్. అదేలెండి, చీకటి పడ్డాక కొందరు తాగే ‘మందు’, శానిటైజర్‌లో వాసన వచ్చేది. అవే మూడు అక్షరాలను సీ ఓ సీ అని రాయండి. అది డైమిథైల్ ఈథర్, మామూలు గది వేడిలో గ్యాసు. పరమాణువులు అవే, లెక్క అదే, ఆక్సిజన్ చివర కాకుండా మధ్యలో కూర్చుంది. అంతే, ఒకటి సీసాలో ద్రవం, ఇంకొకటి గాలిలో కలిసిపోయే గ్యాసు. పేరూ ఫార్ములా సరిపోవు, ఎవరి పక్కన ఎవరున్నారో రాయాలి. ఈ డేటాబేసుల ప్రాణమంతా అక్కడుంది.

ఇంకో పాత నంబరు ఉంది, దాన్ని మందుల కంపెనీల్లో పనిచేసే మీ అన్నయ్యలు, అక్కయ్యలు రోజూ చూస్తుంటారు. డబ్బాల మీద క్యాస్ నంబరు అని ఉంటుంది. నీళ్లది 7732-18-5. చివరి 5 ఊరికే పెట్టింది కాదు, తప్పు పట్టుకునే అంకె. దాన్ని వదిలేసి మిగతా అంకెల్ని కుడి నుంచి ఎడమకు 1, 2, 3 అంటూ గుణించి కూడండి: 8, 2, 6, 12, 35, 42. మొత్తం 105. చివరి అంకె 5. ఎవరైనా టైపు చేస్తూ ఒక అంకె తప్పు కొడితే చాలాసార్లు లెక్క తేలదు, దొరికిపోతారు. ఆస్పిరిన్‌ది 50-78-2. మీరే వేసి చూడండి.

ఈ క్యాస్ నంబరుకు, పబ్‌కెమ్‌కు ఒకప్పుడు పెద్ద గొడవ జరిగింది. ఈ వ్యాసం రాయడానికి సగం కారణం నాకు ఆ గొడవే.

కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ సర్వీస్ అనేది 1907లో మొదలైంది. ప్రపంచంలో ఎక్కడ రసాయనశాస్త్ర వ్యాసం అచ్చయినా దాన్ని చదివి, అందులోని రసాయనాలను ఏరి, పద్దు రాసే పని. మనుషులు కూర్చుని చదివి రాసిన పని అది, తక్కువ చేయకూడదు. అది అమెరికన్ కెమికల్ సొసైటీ వాళ్లది. కేంద్రం ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్. చూడాలంటే చందా కట్టాలి. ఆ చందా పెద్ద యూనివర్సిటీలకు, పెద్ద కంపెనీలకు సరే. మన జిల్లా కాలేజీ సంగతి మీరే ఊహించండి.

2004 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధనా సంస్థ ఎన్ఐహెచ్, పబ్‌కెమ్‌ని తెరిచింది, ఉచితంగా. ఉద్దేశం జీవశాస్త్రం వాళ్లకు పనికి రావాలని. ఏ చిన్న అణువు ఏ ప్రొటీన్‌ని పట్టుకుంటుంది, ఏ కణాన్ని ఆపుతుంది అనే పరీక్షలకు ప్రజల డబ్బు ఖర్చవుతోంది, ఆ ఫలితాలు ప్రజలకు కనిపించాలి అని. మరుసటి ఏడాదే సొసైటీ అభ్యంతరం చెప్పింది. ప్రభుత్వం పన్నుల డబ్బుతో మా వ్యాపారానికి పోటీ వస్తోంది, దాన్ని హద్దుల్లో పెట్టండి అని అక్కడి పార్లమెంటు దాకా వెళ్లింది. ఒహాయో గవర్నర్ కూడా సొసైటీ వైపే మాట్లాడారు, వాళ్ల రాష్ట్రంలో ఉద్యోగాలు కదా. విచిత్రమేంటంటే, అప్పటికి పబ్‌కెమ్‌లో పనిచేసేవాళ్లు గుప్పెడు మంది. అవతల వెయ్యి మందికి పైగా. ఏనుగు వచ్చి ఎలుక మీద కేసు పెట్టినట్టుంది.

పబ్‌కెమ్‌ని మూయలేదు. ప్రైవేటు వాళ్లతో మాట్లాడుకోండి, చేసిన పనే మళ్లీ చేయకండి అన్న సలహాతో గొడవ చల్లారింది. అప్పుడు ఆ కత్తెర పడి ఉంటే ఇవాళ మీ ఫోన్లో ఆ పేజీ తెరుచుకునేదే కాదేమో. కొసమెరుపు: 2021లో అదే కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ సర్వీస్ దాదాపు 5 లక్షల రసాయనాల వివరాలను కామన్ కెమిస్ట్రీ పేరుతో ఉచితంగా చూసేలా పెట్టింది. పదహారేళ్లు పట్టింది, పోనీలెండి.

యూరప్‌లో ఇంకో కథ. ఇంగ్లండులో కేంబ్రిడ్జి పక్కన హింక్స్‌టన్ అనే ఊరుంది. అక్కడి యూరోపియన్ బయోఇన్ఫర్మాటిక్స్ సంస్థ కెంబల్ అనే డేటాబేస్‌ని నడుపుతుంది. ఇది మొదట ఒక కంపెనీ సొంత ఆస్తి. మందుల మీద అచ్చయిన పరిశోధనలు చదివి, ఏ అణువు దేని మీద ఎంత బలంగా పనిచేసిందో నంబర్లు ఏరిపెట్టిన ఖజానా. 2008లో వెల్‌కమ్ ట్రస్టు 47 లక్షల పౌండ్లు ఇచ్చి దాన్ని అందరికీ తెరిపించింది. ఇప్పుడు అందులో 20 లక్షలకు పైగా రసాయనాలున్నాయి. సైజులో పబ్‌కెమ్‌కి చాలా చిన్నది. కానీ పబ్‌కెమ్ సంత లాంటిది, ఎవరి బుట్ట వాళ్లు తెచ్చి పెడతారు. కెంబల్‌లో మాత్రం ఎవరో కూర్చుని రాళ్లు ఏరిన బియ్యం ఉంటుంది. ఒకటి రెండు రాళ్లు మిగిలిపోతాయనుకోండి. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు 2005లో మొదలుపెట్టిన ఇంకోదాని పేరు జింక్. అంటే లోహం కాదు, ‘జింక్ ఈజ్ నాట్ కమర్షియల్’ అన్న మాటకు పొట్టి పేరు. ఆ పొట్టి పేరులో మళ్లీ జింక్ ఉంది, దాన్ని విప్పితే మళ్లీ జింక్. కంప్యూటరోళ్ల జోకులు ఇలాగే ఉంటాయి.

సరే, ఇవన్నీ తెరిచిపెడితే ఎవరికి ఒరిగింది?

మలేరియాతో మొదలుపెడతాను. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే పట్టుకున్నాడు, అందుకని మనకు ఆ జబ్బు మీద కాస్త హక్కుంది. 2010లో గ్లాక్సో కంపెనీ ఒక పని చేసింది. స్పెయిన్‌లోని ట్రెస్ కాంటోస్ ల్యాబ్‌లో తమ దగ్గరున్న దాదాపు 20 లక్షల రసాయనాలను మలేరియా క్రిమి మీద పరీక్షించింది. వాటిలో 13,533 క్రిమి పెరుగుదలను 80 శాతానికి పైగా ఆపాయి. మామూలుగా అయితే అవి కంపెనీ లాకర్‌లో ఉండిపోతాయి. మలేరియా పేదోళ్ల జబ్బు, మందు తయారుచేసినా లాభం రాదు. ఆ 13,533 అణువుల ఆకారాలనూ కంపెనీ బయటపెట్టింది, కెంబల్ వాళ్లే వాటిని వెబ్‌లో ఉంచారు. ఇలాంటి జాబితాల నుంచి 400 అణువులు ఏరి, మలేరియా బాక్స్ అని పేరుపెట్టి, అడిగిన ల్యాబులకు ఉచితంగా పంపారు. ఇచ్చినవాళ్లకు పేరు వచ్చింది, తీసుకున్నవాళ్లకు కొన్నేళ్ల పని తగ్గింది.

రెండోది మీకు ఎక్కువ నచ్చుతుంది. డారాప్రిమ్ అనే మాత్ర, లోపలి మందు పేరు పైరిమెథమైన్. పాత మందు, మన దగ్గర కొద్ది రూపాయల్లో వచ్చేది. 2015లో అమెరికాలో దాని హక్కులు కొన్న కంపెనీ అధినేత మార్టిన్ ష్క్రెలీ ఒక్కో మాత్ర ధరను 13.50 డాలర్ల నుంచి ఒక్కసారిగా 750 డాలర్లకు పెంచాడు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో సిడ్నీ గ్రామర్ స్కూలు పిల్లలు, అవును, స్కూలు పిల్లలే, తమ స్కూలు ల్యాబ్‌లో అదే మందును 3.7 గ్రాములు తయారుచేశారు. సిడ్నీ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు వెనక ఉండి దారి చూపించారు. ఏ రోజు ఏం కలిపారో, ఏది చెడిపోయిందో అంతా ఆన్‌లైన్ నోట్‌బుక్‌లో అందరికీ కనిపించేలా రాశారు. దాంతో అమెరికాలో ధర తగ్గిపోలేదు, ల్యాబ్‌లో చేసింది జనం మింగే మాత్ర అవదు, అనుమతులు వేరే కథ. కానీ 750 డాలర్లు రసాయనం ఖరీదు కాదని పదహారు, పదిహేడేళ్ల పిల్లలు చూపించారు.

మూడోది 2020లో. ఎంఐటీ శాస్త్రవేత్తలు ముందు 2,335 అణువులను ఈ-కోలై బ్యాక్టీరియా మీద పరీక్షించి, ఏది ఆపుతోందో ఏది ఆపట్లేదో కంప్యూటర్‌కి నేర్పారు. తర్వాత దాదాపు 6,000 పాత మందుల జాబితా ఇచ్చి ‘వీటిలో యాంటీబయాటిక్ ఏదో చెప్పు’ అన్నారు. అది ఒకదాన్ని పట్టుకొచ్చింది. ఒకప్పుడు షుగరు జబ్బు కోసం చూసి పక్కన పెట్టేసిన అణువు. సినిమాలోని కంప్యూటర్ పేరు మీద దానికి హాలిసిన్ అని పేరు పెట్టారు. తర్వాత జింక్ నుంచి 10 కోట్లకు పైగా అణువులను జల్లెడ పట్టించి, 23 ఏరి ల్యాబ్‌లో పెడితే 8 పనిచేశాయి. హాలిసిన్ ఇంకా మనుషుల మందు కాలేదు, ఎలుకల దగ్గరే ఉంది. ఏఐ మందు కనిపెట్టింది అని హెడ్డింగులు పెట్టేవాళ్లు ఆ ఏఐ ఏం తిని పెరిగిందో చెప్పరు. జల్లెడలో పోయడానికి జింక్ లాంటి ఉచిత డేటా లేకపోతే ఆ 10 కోట్లు ఎక్కణ్నుంచి వస్తాయి?

ఇక పసుపు దగ్గరకు రండి.

ఆ ఫార్వర్డ్ మా పెద్దమ్మకూ వచ్చింది. తెనాలిలో ఉంటుంది. ఆమెకు రుమటాయిడ్ కీళ్లవాతం, వేళ్లు వంకర్లు పోయే రకం. ఏళ్ల తరబడి మెథోట్రెక్సేట్ వాడుతోంది, వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర. ఫోన్ చేసి అడిగింది.

“ఏరా నాయనా, అమెరికా వాళ్లే రాశారంట గదా. ఈ వారం మాత్ర మానేసి ఆ పసుపు క్యాప్సూల్స్ మొదలెట్టనా?”

“వద్దు పెద్దమ్మా. మాత్ర మానకు. క్యాప్సూల్స్ వేసుకోవాలనిపిస్తే డాక్టర్ గారిని అడిగాకే.”

“పసుపే కదరా, పసుపు చేటు చేస్తుందా?”

ఈ ప్రశ్నకు జవాబు ఆ పేజీలోనే ఉంది, పట్టికను ఎలా చదవాలో తెలిస్తే. అందులో ప్రతి వరసా ఒక పరీక్ష. ఒక గాజు పళ్లెంలో ఏదో ఎంజైమ్, లేదా కణాలు పెట్టి, పైన రసాయనం పోసి, ఏమైందో రాసుకున్నారు. కొన్ని వరసల్లో ‘యాక్టివ్’ అనుంటుంది, కొన్నిటిలో ‘ఇనాక్టివ్’ అని, కొన్నిటిలో ఏదీ తేలలేదని. స్క్రీన్‌షాట్ తీసిన మహానుభావుడు యాక్టివ్ ఉన్న ముక్క మాత్రమే కత్తిరించాడు. పైగా యాక్టివ్ అంటే జబ్బు తగ్గించింది అని కాదు. గాజు పళ్లెంలో క్యాన్సర్ కణాలను చంపడానికి బ్లీచింగ్ పౌడర్ కూడా చాలు.

తర్వాత చూడాల్సింది నంబరు. ఐసీ-50 అని ఉంటుంది. ఎదుటివాడి పనిని సగానికి తగ్గించాలంటే ఈ రసాయనం ఎంత చిక్కగా ఉండాలి అన్నదే ఆ నంబరు. తక్కువ ఉంటే మంచిది, అంటే కొంచెంతోనే పని జరుగుతోందని. ఇక్కడ యూనిట్ చూడకుండా చదివితే మోసపోతాం. 1 మైక్రోమోలార్ అంటే 1,000 నానోమోలార్లు. మెథోట్రెక్సేట్‌ని దాని అసలు టార్గెట్ అయిన డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైమ్ మీద చూడండి, నంబర్లు నానోమోలార్లలో ఉంటాయి. కర్క్యుమిన్‌వి ఎక్కువగా మైక్రోమోలార్లలో. అంత చిక్కదనం గాజు పళ్లెంలో కుదురుతుంది, ఒంట్లో కుదరదు. కర్క్యుమిన్‌ని గ్రాముల కొద్దీ మింగినా రక్తంలో కనిపించేది చాలా కొంచెం. పేగులు తీసుకోవు, తీసుకున్నదాన్ని కాలేయం వెంటనే మార్చేస్తుంది. మిరియాల్లోని పైపరిన్ కలిపితే ఎక్కువ ఎక్కుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. అందుకే ఇప్పుడు క్యాప్సూల్స్‌లో మిరియాల సారం కలుపుతున్నారు.

ఇంకో తిరకాసుంది. కొన్ని అణువులు పరీక్షనే ఏమారుస్తాయి. రంగు ఉంటుంది, వెలుగు చిమ్ముతాయి, కనిపించిన ప్రొటీన్‌కల్లా అతుక్కుంటాయి, లోహాలను పట్టుకుంటాయి, మధ్యలో విరిగిపోయి వేరేదిగా మారతాయి. పరికరం మాత్రం ‘పనిచేసింది’ అని చూపిస్తుంది. ఇలాంటివాటిని గుర్తుపట్టే పద్ధతిని 2010లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ప్రచురించారు, పెయిన్స్ అని పేరు పెట్టారు. నొప్పులు అన్నమాట, సరైన పేరే. కర్క్యుమిన్ ఆ గుంపులో పెద్దమనిషి. 2017లో అమెరికా రసాయనవేత్తలు దాని మీద వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని పెద్ద సమీక్ష రాశారు. 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగాయి, గుడ్డిపరీక్ష పద్ధతిలో ఉత్తుత్తి మాత్రతో పోల్చి పక్కాగా చేసినవాటిలో గెలిచింది ఒక్కటీ లేదు అని తేల్చారు. వంద చోట్ల యాక్టివ్ అని కనిపించే అణువుని చూసి మామూలు మనిషి మురిసిపోతాడు. మందులు తయారుచేసేవాడు అనుమానిస్తాడు. తాళంచెవి ఒక తాళానికి పడితే తాళంచెవి, ఊళ్లో ప్రతి తాళానికీ పడుతోందంటే అది తాళంచెవేనా అని చూడాలి కదా.

చేటు సంగతి కూడా. కూరలో చిటికెడు పసుపు వేరు, రోజూ మింగే గాఢమైన సారం వేరు. పసుపు సప్లిమెంట్లు వాడి కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు డాక్టర్లు ఎప్పటికప్పుడు కాలేయం రక్తపరీక్ష చేయించేది కూడా అందుకే, ఆ మందు కాలేయాన్ని ఇబ్బంది పెట్టగలదు. రెండూ ఒకే కాలేయం మీద పడితే? పెద్దమ్మకు ఇంత సైన్సు చెప్పలేదు. “నువ్వు వేసుకునే మాత్ర ఎవరి పుణ్యమో తెలుసా? మన భీమవరం ఆయన, యల్లాప్రగడ సుబ్బారావు గారని” అన్నాను. నిజమే, లెడర్లే కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ వ్యతిరేక మందుల కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. “భీమవరమా, అయితే వేసుకుంటాలే” అంది. వాదనగా చూస్తే చాలా బలహీనమైనది. పని మాత్రం జరిగింది.

పసుపు మాట వచ్చింది కాబట్టి మీలో కొందరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘మన మూలికల రసాయనాలన్నీ ఇలా బహిరంగంగా పెడితే వేరే దేశాలవాళ్లు పేటెంట్లు కొట్టేయరా?’ కొట్టేసిన సందర్భమే ఉంది. 1995లో, గాయాలు మానడానికి పసుపు వాడే పద్ధతి మీద అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ వైద్య కేంద్రానికి పేటెంట్ వచ్చింది. మన సీఎస్ఐఆర్ దాన్ని సవాలు చేసింది, 1997లో పేటెంట్ రద్దయింది. ఎలా గెలిచాం? మా అమ్మమ్మ రాసేది అంటే కోర్టులు వినవు. అచ్చయిన రుజువులు చూపించాం, అందులో 1953లో మన వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం కూడా ఉంది. ఎవరో అప్పుడు రాసి, అచ్చేసి, లోకానికి కనిపించేలా పెట్టారు కాబట్టే అది కొత్తది కాదని తేలింది.

ఆ తర్వాత 2001లో ప్రభుత్వం సంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలుపెట్టింది. ఆయుర్వేదం, యునానీ, సిద్ధ గ్రంథాల్లోని యోగాలన్నీ విదేశీ భాషల్లోకి కూడా మార్చి పెట్టారు. కానీ చూసే హక్కు ముఖ్యంగా పేటెంట్ ఆఫీసులకే, అదీ బయటికి చెప్పం అని సంతకం పెట్టాక. 2022లో కేంద్ర మంత్రివర్గం మిగతావాళ్లకు కూడా దశలవారీగా, చందా మీద తెరవడానికి ఒప్పుకుంది. పేటెంట్ దొంగల భయం నాకు అర్థమవుతుంది. కానీ మన పుస్తకాల్లో ఉన్నది మన ఎమ్మెస్సీ పిల్లకే కనిపించకుండా దాచడం నాకు రుచించదు. దొంగ తాళం పగలగొట్టడం నేర్చుకుంటాడు, ఇంటి పిల్ల బయట నిలబడుతుంది.

ఇంకో దారి కూడా ఉందని చెన్నైవాళ్లు చూపించారు. అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్ బృందం 2018లో ఇంపాట్ అనే డేటాబేస్ పెట్టింది. భారతీయ ఔషధ మొక్కల మీద వచ్చిన పుస్తకాలు, పరిశోధన వ్యాసాలు తిరగేసి, 1,742 మొక్కలు, వాటిలోని 9,596 రసాయనాలు ఏరి, ఆకారాలతో సహా ఉచితంగా పెట్టారు. తర్వాతి రూపంలో అవి 4,010 మొక్కలు, 17,967 రసాయనాలు అయ్యాయి. మొక్కలో ఏ భాగంలో ఏ రసాయనం ఉందో కూడా దొరుకుతుంది. వేప, తులసి, తిప్పతీగ శాస్త్రీయ నామం కొట్టి చూడండి, కాలక్షేపం కూడా అవుతుంది. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం వెతుకుతున్న బీఫార్మసీ వాళ్లు, మీకే చెప్తున్నా. నెట్‌లో కొనే రెడీమేడ్ ప్రాజెక్టు రిపోర్టు కంటే ఇది చవక, పైగా వైవాలో నోరు తిరుగుతుంది.

పేజీ తెరిచాక ఒక్క మాట. పబ్‌కెమ్‌లో కెఫీన్ పేజీ మీద ఆశ్చర్యార్థకంతో హెచ్చరిక గుర్తు కనిపిస్తుంది, ‘మింగితే హానికరం’ అని. దాన్ని చూసి టీ మానేయకండి, ఇంకో ఫార్వర్డ్ మొదలుపెట్టకండి. ఆ గుర్తు డ్రమ్ముల్లో పొడిని మోసేవాళ్ల కోసం, కప్పులో తాగేవాళ్ల కోసం కాదు. అలాగే ప్రతి సమాచారం పక్కన అది ఎక్కణ్నుంచి వచ్చిందో రాసి ఉంటుంది. ఏ సంస్థ, ఏ వ్యాసం. అక్కడ నొక్కితే అసలు వ్యాసం దాకా వెళ్లొచ్చు. తప్పు కనిపిస్తే రాయండి, సంప్రదించే దారి ఆ సైట్లలోనే ఉంటుంది. కెంబల్‌వాళ్లకైనా, పబ్‌కెమ్‌వాళ్లకైనా రాయడానికి పీహెచ్‌డీ ఉండాలన్న నియమమేమీ లేదు.

ఆస్పిరిన్ లెక్క వేయని వాళ్ల కోసం: 8, 14, 0, 20. మొత్తం 42, చివరి అంకె 2.